జర్మనీలో ఒక సెమిస్టర్: సరదాకు అడ్డు లేదు, సంపాదనకు లెక్క ఉంది

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలోనో, నాలుగో ఏడాది మొదట్లోనో ఒక సెమిస్టర్ కోసం జర్మనీ వెళ్లే పిల్లలు మన కాలేజీల్లో ఇప్పుడు కొత్తేమీ కాదు. మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లకీ వీళ్లకీ తేడా ఉంది. వీళ్ల డిగ్రీ ఇక్కడిదే, పేరు ఇక్కడి రిజిస్టర్‌లోనే ఉంటుంది, ఆర్నెల్లకో ఏడాదికో తిరిగొచ్చేస్తారు. కాబట్టి సందేహాలూ వేరు. ఉద్యోగం వస్తుందా అని కాదు, నా యూట్యూబ్ ఛానెల్ సంగతేమిటి, నాట్యం సాధన ఆగిపోతుందా, చుట్టుపక్కల దేశాలు తిరగనిస్తారా అని అడుగుతారు. కన్సల్టెన్సీల కరపత్రాల్లో వీటికి జాగా దొరకదు.

ముందే ఒక మాట. అక్కడి చట్టానికి మీ ఇష్టాలతో పెద్దగా పేచీ లేదు. ఎక్కడ ఉంటున్నారు, మీకు డబ్బు ఎవరిస్తున్నారు, దేనికిస్తున్నారు అన్నదే దానికి కావాలి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ట్యూషన్ ఫీజు లేదన్నారు. మరి ఎంత డబ్బు చూపించాలి?

ఫీజు మాఫీ అంటే అక్కడి యూనివర్సిటీ అడగదని మాత్రమే. ఇక్కడి కాలేజీ ఫీజు ఎప్పటిలాగే కట్టాలి. తల్లిదండ్రులు చాలామంది ఈ మాట దగ్గరే ఉలిక్కిపడతారు. రెండు చోట్లా కట్టక్కర్లేదన్నదే రెండు యూనివర్సిటీల మధ్య ఉండే ఎక్స్ఛేంజ్ ఒప్పందంలోని లాభం. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటినుంచి వచ్చే విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఒప్పందం మీద వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు అది వర్తించదు. సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అనే చిన్న మొత్తం మాత్రం సాధారణంగా అందరూ కడతారు. అది విద్యార్థి సంఘానికీ, మెస్సులూ హాస్టళ్లూ నడిపే సంస్థకూ, చాలా ఊళ్లలో బస్సు-రైలు పాసుకూ పోతుంది.

వీసాకు చూపించాల్సింది జీవనఖర్చు. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థికి నెలకు 992 యూరోలు, ఏడాదికైతే 11,904 లెక్క. దాన్ని బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తారు, నెలనెలా మీకే విడుదలవుతుంది. డీఏఏడీ, ఎరాస్మస్ ప్లస్ వంటి స్కాలర్‌షిప్ ఉంటే ఆ లేఖలో ఉన్న మొత్తం మేరకు ఈ భారం తగ్గుతుంది. అప్లై చేసే రోజున తాజా అంకె చూసుకోండి, అది అప్పుడప్పుడూ పెరుగుతుంది.

అక్కడికెళ్లాక నాకు నచ్చిన సబ్జెక్టులు, సినిమా చరిత్రో ఫిలాసఫీయో, తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. అవి ఇక్కడి మార్కుల మెమోలోకి వస్తాయా రావా అన్నదే అసలు ప్రశ్న.

బయల్దేరేముందు లర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం రాసుకుంటారు. అక్కడ ఏ కోర్సు చదివితే ఇక్కడ ఏ పేపరుకు బదులవుతుందో అందులో ఉంటుంది. మీరు, ఇక్కడి విభాగం, అక్కడి యూనివర్సిటీ, ముగ్గురూ సంతకం చేయాలి. మన వైపు సంతకం హెచ్‌వోడీది మాత్రమే ఉంటే చాలదు, పరీక్షల విభాగం కూడా దాన్ని చూసిందని రాతపూర్వకంగా ఉంచుకోండి. తిరిగొచ్చేసరికి హెచ్‌వోడీలు మారిపోతారు. పరీక్షల విభాగం మారదు, దాని జ్ఞాపకశక్తి ఫైళ్లలోనే ఉంటుంది.

యూరప్ లెక్కలో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు పూర్తి భారం. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. సొంత ఆసక్తితో ఒకటో రెండో కోర్సులు తీసుకోవాలనుకుంటే ఇక్కడ లెక్కకొచ్చే కోర్సుల్ని 20, 22 క్రెడిట్ల దగ్గర ఆపి, మిగతా జాగా మీ ఇష్టానికి వదలడం మంచిదని నా అభిప్రాయం. ఇక్కడి విభాగం కనీసం ఇన్ని క్రెడిట్లు తేవాలని షరతు పెడితే దాని ప్రకారమే నడుచుకోవాలి.

మార్కుల విషయంలో ఒక తికమక ఉంది. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాసు, 5.0 ఫెయిలు. పదికి లెక్కేసే మన గుమాస్తా కంటికి 1.3 చూడగానే ఏమనిపిస్తుందో ఊహించుకోవచ్చు. గ్రేడు మార్పిడి ఏ సూత్రంతో చేస్తారో అగ్రిమెంట్‌లోనే రాయించుకుంటే తర్వాత కౌంటరు చుట్టూ తిరగక్కర్లేదు.

ఇంకోటి: కోర్సుకు పేరిచ్చినంత మాత్రాన పరీక్షకు పేరిచ్చినట్టు కాదు. చాలా యూనివర్సిటీల్లో పరీక్షకు విడిగా, గడువులోపల రిజిస్టర్ చేసుకోవాలి. సెమిస్టరంతా క్లాసులకు వెళ్లినా ఆ గడువు దాటితే పరీక్ష రాయనివ్వరు.

వింటర్ సెమిస్టర్‌కు వెళ్లాలా, సమ్మర్‌కా?

అక్కడ వింటర్ సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి దాకా, సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. క్లాసులు వింటర్‌లో ఫిబ్రవరి నడిమికి, సమ్మర్‌లో జులై నడిమికి అయిపోతాయి, ఆ వెనకే పరీక్షలు. మన దగ్గర రెండో సెమిస్టర్ డిసెంబరులోనో జనవరిలోనో మొదలవుతుంది. అంటే వింటర్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పరీక్షలు రాస్తుండగానే ఇక్కడ క్లాసులు సగానికి వస్తాయి, హాజరు తగ్గుతుంది. సమ్మర్‌కు వెళ్లాలంటే ఇక్కడి సెమిస్టర్‌ను మధ్యలో వదలాలి, పైగా జులై, ఆగస్టుల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మొదలైపోతాయి. ఏది ఎంచుకున్నా హాజరు మినహాయింపు లేఖ వెళ్లకముందే చేతిలో ఉండాలి. ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూలు తీసుకునే కంపెనీలు ఏవో ప్లేస్‌మెంట్ సెల్‌ను ముందే అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగక, చేజారిన అవకాశం గురించి అక్కడ కూర్చుని బాధపడేవాళ్లున్నారు.

దిగగానే చేయాల్సిన మొదటి పని?

చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో అన్‌మెల్డుంగ్ చేయించుకోవాలి. ఇంటి యజమాని, లేదా హాస్టలు వాళ్లు, మీరు అక్కడ ఉంటున్నట్టు సంతకం చేసి కాగితం ఇవ్వాలి. అది ఇవ్వడం వాళ్ల బాధ్యత, మీకు చేసే ఉపకారం కాదు. "ఇల్లు ఇస్తాను కానీ రిజిస్ట్రేషన్ కుదరదు" అనే మనిషి ఎదురైతే ఆ ఇల్లు వద్దు. ఎందుకంటే టాక్స్ నంబరు ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది, మిగతా కార్యాలయాల ఉత్తరాలూ అక్కడికే వస్తాయి. తలుపు మీద, పోస్టుడబ్బా మీద మీ పేరు లేకపోతే ఆ ఉత్తరాలు వెనక్కి పోతాయి.

కొన్నాళ్లకు రేడియో-టీవీ చందా కట్టమని ఇంకో ఉత్తరం వస్తుంది. మోసమేమో అనుకుని చింపేస్తారు చాలామంది. మోసం కాదు. ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. లెక్క మనిషికి కాదు, ఇంటికి. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి మిగతా ముగ్గురు పంచుకుంటే సరిపోతుంది.

ఆరోగ్య బీమా మా ఊళ్లోనే చవగ్గా తీసుకోవచ్చా?

విమానం దిగిన రోజు నుంచి యూనివర్సిటీలో చేరేదాకా ప్రయాణ బీమా పనికొస్తుంది. చేరడానికి అక్కడి చట్టం ఒప్పుకునే ఆరోగ్య బీమా కావాలి. ముప్ఫై ఏళ్లలోపు విద్యార్థులు సాధారణంగా ప్రభుత్వ పద్ధతి బీమాలోకి వెళ్తారు. నెల ఖర్చులో ఇదీ చెప్పుకోదగ్గ మొత్తమే. ఇక్కడ కొన్న చవక పాలసీతో నెట్టుకొద్దామనుకుంటే అడ్మిషన్ కౌంటరు దగ్గరే ఆగిపోతారు.

పార్ట్‌టైమ్ చేయొచ్చా? ఎన్ని గంటలు?

చేయొచ్చు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 అరపూటలు. నాలుగు గంటల వరకు అరపూట. ఈ లెక్క క్యాలెండర్ ఏడాదికి కాబట్టి అక్టోబరులో వెళ్లి మార్చిలో వచ్చేవాళ్లకు జనవరి ఒకటిన మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. యూనివర్సిటీలోనే విద్యార్థి సహాయకుడిగా చేసే పని ఈ రోజుల్లోకి రాదు. క్లాసులు జరిగే కాలంలో వారానికి 20 గంటలు దాటకుండా చూసుకోండి. దాటితే విద్యార్థిగా ఉన్న సామాజిక బీమా వెసులుబాటు పోతుంది. అన్నిటికంటే ముందు పాస్‌పోర్టులోని వీసా స్టిక్కరు మీద పని గురించి ఏం రాసి ఉందో చదవండి, ఎవరేం చెప్పినా చెల్లేది ఆ రాతే.

కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. మీరు విదేశీయులని, విద్యార్థులని, జర్మన్ రాదని దానిలో కోత ఉండదు. మనవాళ్ల రెస్టారెంట్లయినా అంతే. "మన పిల్లవాడివి, భోజనం పెడుతున్నాంగా" అని గంటకు ఎనిమిది చేతిలో పెడితే అది ఆత్మీయత కాదు. నాలుగు వారాలు పనిచేశాక జబ్బు పడితే ఆరు వారాల దాకా జీతంతో సెలవు చట్టమే ఇస్తుంది. పనిచేసిన కాలాన్ని బట్టి మామూలు సెలవులూ వస్తాయి. లెక్కల్లో రాయకుండా చేతికిచ్చే డబ్బు జోలికి పోవద్దు, పట్టుబడితే నష్టపోయేది మీ వీసా కూడా.

నాకు యూట్యూబ్ ఛానెల్ ఉంది. జర్మనీ వ్లాగులు చేస్తే తప్పా?

వీడియో తీయడం, పెట్టడం తప్పు కాదు. దాని మీద డబ్బు రావడం వేరే సంగతి.

ప్రకటనల ఆదాయం, స్పాన్సర్ ఇచ్చే సొమ్ము, కొన్నవాళ్లపై వచ్చే కమిషన్, ఇవన్నీ సొంత వ్యాపారం కిందికి వస్తాయి. విద్యార్థికి ఇచ్చిన 140 రోజులు ఒకరి దగ్గర ఉద్యోగం చేయడానికి, స్వయం ఉపాధికి కాదు. దానికి ఊళ్లోని ఫారినర్స్ ఆఫీసు విడిగా అనుమతి ఇవ్వాలి, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల విచక్షణ. ఫొటోగ్రఫీ, డిజైన్, ట్యూషన్లకు బిల్లు వేసి డబ్బు తీసుకోవడానికీ ఇదే నియమం. హోటల్ వాళ్లు ఉచితంగా గది ఇచ్చి "ఒక రీల్ చేసిపెట్టు" అంటే అదీ ప్రతిఫలమే. ఒక్క సెమిస్టర్‌కు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది సూటిగా ఇది: అనుమతి కోసం అడగండి, వచ్చేదాకా మానిటైజేషన్ ఆపేయండి. చూసేవాళ్లు ఎక్కడికీ పోరు.

డబ్బు సంగతి తేలినా ఇంకో చిక్కు ఉంది. జర్మనీలో మనిషి బొమ్మ ఆ మనిషిదే. వాళ్ల ఒప్పుదల లేకుండా ముఖం కనిపించే ఫొటో, వీడియో నలుగురిలో పెట్టకూడదు. ఈ చట్టం 1907 నాటిది, దాని వెనక కథ ఒకటుంది. 1898లో మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగతనంగా గదిలోకి దూరి శవాన్ని ఫొటో తీశారు. దేశమంతా అట్టుడికింది, ఆ గొడవే చివరకు ఈ చట్టానికి దారితీసింది. చౌరస్తా దృశ్యంలో నడిచిపోతూ కనపడే జనం, ఊరేగింపు, సభ వంటివాటికి మినహాయింపు ఉంది. ట్రామ్‌లో ఎదుటి సీటులో కూర్చున్న పెద్దావిడ ముఖాన్ని దగ్గరగా చూపిస్తే ఆ మినహాయింపు మీకు వర్తించదు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

మాటలకు ఇంతకంటే గట్టి చట్టం ఉంది. బహిరంగంగా కాకుండా మాట్లాడిన మాటను చెప్పకుండా రికార్డు చేయడం అక్కడ నేరం, మూడేళ్ల దాకా జైలు పడే సెక్షన్. ప్రొఫెసర్ గదిలో సంభాషణ, సెమినార్ చర్చ, రూమ్మేట్‌తో గొడవ, ఏదైనా సరే. ఇక్కడ క్లాసులో ఫోను బల్లమీద పెట్టి రికార్డు చేసే అలవాటున్నవాళ్లు ఆ అలవాటు ఇక్కడే వదిలి వెళ్లాలి, లేదా నోరు తెరిచి అడగాలి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు కూడా.

డ్రోన్ తీసుకెళ్తామంటారా? కెమెరా ఉన్న డ్రోన్‌కు నమోదు, బీమా రెండూ కావాలి. అవి లేకుండా సూట్‌కేసులోంచి తీయకండి.

హైదరాబాద్ కంపెనీకి రిమోట్‌గా పనిచేస్తూ ఉండొచ్చా? సొంత స్టార్టప్?

పని ఎక్కడ జరిగిందో కుర్చీ చెబుతుంది, జీతం పడిన ఖాతా కాదు. జర్మనీలో కూర్చుని చేస్తే అది జర్మనీలో చేసిన పనే. ఉద్యోగమైతే ఆ 140 రోజుల్లోకి వస్తుంది, ఫ్రీలాన్స్ అయితే అనుమతి కావాలి. ఆర్నెల్లు దాటి అక్కడే ఉంటే పన్ను విషయంలో మిమ్మల్ని అక్కడి నివాసిగానే చూస్తారు. ఇంటర్న్‌షిప్ ఇచ్చిన హైదరాబాద్ హెచ్ఆర్‌కు ఈ సంగతులు తెలిసి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

స్టార్టప్ ఆలోచన నోటుబుక్కులో రాసుకోవచ్చు, ప్రోటోటైప్ చేసుకోవచ్చు, యూనివర్సిటీ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెంటర్ల పోటీల్లో పాల్గొనవచ్చు. కస్టమర్‌కు బిల్లు వేసిన రోజున పై నియమమే మళ్లీ వస్తుంది.

నేను కూచిపూడి నేర్చుకున్నాను. అక్కడ ప్రదర్శన ఇవ్వొచ్చా?

నిరభ్యంతరంగా. యూనివర్సిటీ సాంస్కృతిక సాయంత్రంలో, తెలుగు సంఘాల ఉగాది కార్యక్రమంలో పారితోషికం లేకుండా ఆడితే ఎవరినీ అడగక్కర్లేదు. రైలు టికెట్టు డబ్బులు రసీదు ప్రకారం వెనక్కిస్తే అది పారితోషికం కాదు. కవరులో మూడు వందల యూరోలు పెట్టి ఇస్తే అది పారితోషికం. సాధనకు ఇబ్బంది చట్టం నుంచి రాదు, కింది ఇంటివాళ్ల నుంచి వస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం రోజంతా. గజ్జెలు కట్టుకుని అడుగులు వేయడానికి యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగంలో హాలు అడగండి, చాలాచోట్ల నామమాత్రపు రుసుముతో దొరుకుతుంది. పరుగు, ఈత, కొండలెక్కడం నేర్చుకోవాలన్నా అక్కడే.

వీణ పట్టుకెళ్లేవాళ్లు దానిమీది అలంకారం దంతపుదా కాదా తేల్చుకోండి. బొబ్బిలి వీణ పనసచెక్క కాబట్టి చెక్కతో భయం లేదు, పాత వీణల మీది దంతపు పని మాత్రం కస్టమ్స్‌లో పెద్ద తలనొప్పి.

అమ్మ పచ్చళ్లు కట్టింది. ఏవి తీసుకెళ్లొచ్చు?

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు వెళ్తాయి. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి వెళ్లవు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. చేప, రొయ్యలకు సొంత వాడకం వరకు అనుమతి ఉంది కాబట్టి రొయ్యల పచ్చడికి ఢోకా లేదు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది తెచ్చేవాడెవడు? పొడి చేసుకెళ్లండి. మందులు మూడు నెలలకు సరిపడా వరకు, ప్రిస్క్రిప్షన్‌తో సహా.

సెలవుల్లో ఏయే దేశాలు తిరగొచ్చు?

జర్మనీ ఇచ్చే డి రకం వీసాతో మిగతా షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండొచ్చు. జర్మనీలో ఉన్న రోజులు ఆ 90లోకి రావు. బ్రిటన్, ఐర్లండ్ షెంజెన్‌లో లేవు, వాటికి వేరే వీసా. బస్సులో వెళ్లినా పాస్‌పోర్టు జేబులో ఉండాలి, ఈమధ్య సరిహద్దుల దగ్గర తనిఖీలు చేస్తున్నారు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లకు: మన లైసెన్సు అక్కడ నివాసం మొదలైన ఆర్నెల్ల వరకు చెల్లుతుంది, జర్మన్ అనువాదం వెంట ఉండాలి. ఏడాదికి మించి ఉండబోమని చూపిస్తే ఇంకో ఆర్నెల్లు పొడిగించమని లైసెన్సు కార్యాలయాన్ని అడగొచ్చు.

ఇంటి యజమాని డిపాజిట్ ఎంత అడగొచ్చు?

చార్జీలు కలపని మూల అద్దెకు మూడు నెలల మొత్తం, అంతకు మించి కాదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఇల్లు చూడకముందే డిపాజిట్ పంపమనేవాడు యజమాని అయ్యే అవకాశం తక్కువ. హాస్టల్ గది కోసం అడ్మిషన్ లేఖ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి, ఆలస్యమైతే మ్యూనిక్ లాంటి ఊళ్లో దొరకదు.

ఊరు నచ్చింది. ఇంకో సెమిస్టర్ ఉండొచ్చా? అక్కడే మాస్టర్స్‌కు మారొచ్చా?

ఇంకో సెమిస్టర్‌కు రెండు యూనివర్సిటీలూ ఒప్పుకోవాలి, వీసా గడువు తీరకముందే ఫారినర్స్ ఆఫీసులో దరఖాస్తు పడాలి. గడువులోపల పెడితే నిర్ణయం వచ్చేదాకా మీ పాత హోదా కొనసాగుతుంది, దానికి ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు. ఒక్కరోజు దాటినా కథ మారిపోతుంది. అపాయింట్‌మెంట్లు నెలల తర్వాతివి దొరుకుతాయి కాబట్టి గడువు గుర్తుకొచ్చిన రోజే ఈమెయిల్ పెట్టి, ఆ నకలు దాచుకోండి.

మాస్టర్స్ వేరే ప్రయాణం. డిగ్రీ పూర్తి చేసి, మళ్లీ అడ్మిషన్ తెచ్చుకుని, ఎక్స్ఛేంజ్‌తో సంబంధం లేకుండా అప్లై చేయాలి. మన సర్టిఫికెట్లను పరిశీలించే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి భారతీయులకు తప్పనిసరి అయింది. ఎక్స్ఛేంజ్‌లో పరిచయమైన ప్రొఫెసర్ సిఫారసు లేఖ అప్పుడు పనికొస్తుంది, అడ్మిషన్‌కు హామీ మాత్రం కాదు.

తిరిగొచ్చేముందు ఏమేం ముగించాలి?

చిరునామా రద్దు చేయించాలి, ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి ఖాళీ చేశాక రెండు వారాల లోపు. ఆ కాగితం ఉంటేనే రేడియో చందా ఆగుతుంది, బీమా, ఫోను కాంట్రాక్టులు రద్దు చేయడానికీ అదే ఆధారం. డిపాజిట్ వెనక్కి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, అందుకని బ్యాంకు ఖాతా అన్నిటికంటే చివర మూయండి. జీతంలో పన్ను కోసుంటే మరుసటి ఏడాది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఖాతా తెరిచి ఉంచడానికి అది ఇంకో కారణం. మార్కుల పత్రం తర్వాత ఈమెయిల్‌లో వస్తుందని నమ్మి బయల్దేరకండి. ఎవరు పంపుతారు, ఏ తేదీకి, సీలు వేసిన నకలు నేరుగా ఇక్కడి పరీక్షల విభాగానికి వెళ్తుందా లేదా అన్నది ఇంటర్నేషనల్ ఆఫీసులో పేరుతో సహా రాసుకుని రండి.